ఆ ఎర్రపిట్ట ఎవరి చేతిది?

ఈ వారం చేతికందిన ఓ పిల్లల పుస్తకం పాత కోపాన్ని మళ్లీ రేపింది. అట్ట మీద రచయిత పేరు కొట్టొచ్చినట్టుంది. బొమ్మలేసినవారి పేరు లోపలెక్కడో, ధర పక్కన, చీమ తలకాయంత. చందమామతో పెరిగినవాళ్లు బొమ్మ మూలన వపా, చిత్రా, శంకర్ సంతకాలు వెతుక్కున్నాకే కథలోకి దిగేవారు. ఏ గీత ఎవరిదో పాఠకుడికి తెలిసి తీరాలని ఈ కాలమ్ ఎన్నోసార్లు పోట్లాడింది.

ఆ మాటకు అడ్డం తిరిగే జంట ఒకటుంది: లియో, డయాన్ డిలన్.

1933 మార్చిలో పదకొండు రోజుల తేడాతో పుట్టారు; అతను బ్రూక్లిన్‌లో, ఆమె కాలిఫోర్నియాలో. న్యూయార్క్‌లోని పార్సన్స్ కళాశాలలో ఒకరి బొమ్మ చూసి ఒకరు ఉడుక్కుంటూ దగ్గరయ్యారు. 1957లో పెళ్లి. అతనిది ట్రినిడాడ్ మూలాలున్న నల్లజాతి కుటుంబం, ఆమె తెల్లజాతి అమ్మాయి. అప్పటికి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అలాంటి పెళ్లి నేరం. చట్టం సంగతి అలా ఉంచితే, ఇంట్లో పోటీ ఆగలేదు. చివరికి ఇద్దరూ ఒకే చిత్రకారుడిగా మారిపోవాలనుకున్నారు.

ఒకరు మొదలుపెట్టిన కాగితం రెండోవారి బల్ల మీదికి వెళ్లేది, దిద్దుకుని తిరిగొచ్చేది, మళ్లీ వెళ్లేది. పని పూర్తయ్యాక ఏది ఎవరు వేశారో వాళ్లకే తెలిసేది కాదు. ఆ బొమ్మ వేసింది తమలో ఎవరూ కాదని, ‘మూడో చిత్రకారుడ’ని చెప్పేవారు.

పశ్చిమ ఆఫ్రికా కథతో వచ్చిన దోమల పుస్తకం ‘వై మస్కిటోస్ బజ్ ఇన్ పీపుల్స్ ఇయర్స్’ చూడండి. పగలంటే తెల్ల కాగితం, రాత్రంటే చిక్కటి నలుపు. వెర్నా ఆర్డెమా రాసిన కథలో లేని చిన్న ఎర్రపిట్ట ఒకటి పేజీ పేజీకీ వచ్చి, జరిగేదంతా చూస్తూ కూర్చుంటుంది. తరవాతి ‘అశాంటి టు జులు’లో ఆఫ్రికాలోని ఇరవయ్యారు జాతులకు ఇరవయ్యారు బొమ్మలు. వీలైనంతవరకు ప్రతి బొమ్మలోనూ మగ, ఆడ, బిడ్డ, ఇల్లు, వాడే వస్తువు, ఒక జంతువు ఉండాలని నియమం పెట్టుకున్నారు. చట్రం మూలల్లో ఉత్తర నైజీరియాలోని కానో నగరపు అల్లికముడి. అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం 1976లో మొదటిదానికి, 1977లో రెండోదానికి వచ్చింది. వరసగా రెండేళ్లు దాన్ని గెలిచినవారు వాళ్లు తప్ప లేరు. ఆ పతకం అందుకున్న మొదటి నల్లజాతి చిత్రకారుడు లియో.

ఎర్రపిట్టను గీసిందెవరు, రంగేసిందెవరు అన్న ప్రశ్న ఇక్కడ చెల్లదు. గీతగీతకూ లెక్క చెప్పాలన్న పట్టుదలను ఈ కాలమ్ వదులుకుంటోంది. ఇద్దరి పేర్లూ అట్ట మీద ఉండాలన్న పట్టు మాత్రం వదలదు.

లియో 2012లో పోయారు. 2018లో వచ్చిన ‘ఐ కెన్ బి ఎనీథింగ్!’ పుస్తకం మీద ఉన్నది ఒక్క పేరే: డయాన్ డిలన్.