నీళ్లు తీసేసిన మందు

ఆదిలాబాద్ పత్తి చేలల్లో కలుపు తీసే రోజులు, కరీంనగర్ పొలాల్లో వరి నాట్లు పడే రోజులు పాముకాట్లు ఎక్కువయ్యే రోజులు కూడా. వాగులు పొంగి దారులు తెగేది, కరెంటు పోయేది అప్పుడే. పురుగు ముట్టిందని ఉట్నూరుకో జైనూరుకో మోసుకొచ్చిన మనిషిని బతికించేది ఒక ప్రోటీన్ మందు. ప్రోటీన్లేమో వేడికి చెడిపోతాయి, చల్లగా ఉంచాలంటే ఫ్రిజ్ ఆగకుండా నడవాలి. ఆ చిక్కును విప్పిన పనితనమే ఆ మందు, అంటే ఏఎస్‌వీ (యాంటీ స్నేక్ వెనమ్) సీసా అడుగున కనిపించే తెల్లటి బిళ్ల.

ఈ మందు కోసం గుర్రాలకు పాము విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలను వేరుచేసి, రియాక్షన్లు తెచ్చే తోక భాగాన్ని పెప్సిన్ అనే ఎంజైమ్‌తో కోసేస్తారు. గుర్రాలకు ఎక్కించే విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో 1978లో ఏర్పడిన, పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. మందు తయారుచేసే కంపెనీల్లో మన హైదరాబాద్‌కు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ ఒకటి. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని, అంతే రక్తపింజర విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల చొప్పున కట్లపాము, చిన్నపింజర విషాలను విరిచేయాలి. తయారైన రోజున ఈ లెక్క నిలబడటం గొప్ప కాదు. నాలుగేళ్ల తర్వాత, ఊరి ఆసుపత్రి అల్మారాలోంచి తీసిన సీసాలోనూ నిలబడాలి.

ప్రోటీన్ ఒక పొడవాటి గొలుసు. అది ఎలా ముడుచుకుందో ఆ ఆకారంలోనే దాని బలమంతా ఉంది. నీళ్లలో ఉన్నంతకాలం గొలుసు కదులుతూనే ఉంటుంది. వేడి తగిలితే విప్పుకుని, ఒకదానికొకటి అతుక్కుపోతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్లీ పచ్చి కాదు, ఇదీ అంతే. అందుకే ద్రవరూపంలోని ఏఎస్‌వీకి 2 నుంచి 8 డిగ్రీల చలి తప్పదు, ఆయుష్షు సుమారు రెండేళ్లే. నీళ్లు తీసేస్తే ఐదేళ్ల దాకా ఆగుతుంది.

కానీ ఎండబెట్టి తీయలేం, గడ్డకట్టించి తీయాలి. అందులోనూ గండాలున్నాయి. నీరు మంచుగా మారుతుంటే మిగిలిన కాస్త నీటిలో ఉప్పు చిక్కబడి ప్రోటీన్‌ను ఒత్తిడికి గురిచేస్తుంది. మంచు అంచు తగిలినా గొలుసు విప్పుకోవచ్చు. కాబట్టి ఎంత చలిలో, ఎంత వేగంతో గడ్డకట్టించాలన్నది ముందే తేల్చుకోవాలి. ఆ తర్వాత సీసాలను పలకల మీద పేర్చిన యంత్రపు గదిలోని గాలిని లాగేస్తారు. అంత తక్కువ ఒత్తిడిలో మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. పోతూ పోతూ వేడిని పీల్చుకుంటుంది గనుక కింది పలకను కొంచెం వేడిచేస్తూ ఉండాలి. ఆ వేడి కాస్త ఎక్కువైతే బిళ్ల కుప్పకూలుతుంది, తక్కువైతే పని రోజుల తరబడి సాగుతుంది. మందుతో కలిపిన గ్లైసిన్ బిళ్లకు ఒళ్లునిస్తుంది. మంచు పోయినా ప్రోటీన్‌ను పట్టుకుని కొంత తడి ఉంటుంది. పలకల వేడి పెంచి దాన్నీ 3 శాతం లోపుకు దించుతారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది చివరి అంకం. రబ్బరు మూతలకు గాడి ఉంటుంది. మొదట వాటిని సగమే దిగేసి ఉంచుతారు, ఆవిరి ఆ గాడిలోంచి పోతుంది. ఆరడం ముగియగానే గది తలుపు తెరవకుండానే పై పలకలు కిందికి దిగి వందల మూతలను ఒక్కసారే నొక్కేస్తాయి. అంత కష్టపడి ఆరబెట్టిన బిళ్లకు బయటి గాలిలోని తేమ సోకే సందే ఉండదు.

ఎండిన మందు కదా అని ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు. చాలా సీసాలకు 25 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. ఆదిలాబాద్‌లో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఫ్రిజ్ ఉన్నచోట దాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచడం మేలని నా గట్టి అభిప్రాయం. కరెంటు పోయిన రాత్రి కూడా పనికొస్తుందన్నది ఈ పొడి ఇచ్చే భరోసా, ఏడాది పొడవునా నిర్లక్ష్యం చేయడానికి అనుమతి కాదు.

మిగిలిన పని నర్సుది. 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి, సీసాను అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. గబగబా ఊపితే నురగ వస్తుంది, నురగ బుడగల అంచుల్లో ప్రోటీన్ విప్పుకుంటుంది. మంచి బిళ్ల పది నిమిషాల్లోపు పూర్తిగా కరిగి, పొరలూ తునకలూ లేకుండా తేటపడాలి. మొదటి డోసుకు సాధారణంగా పది సీసాలు పడతాయి. అందుకే అనుభవమున్న నర్సు ఒకవైపు సెలైన్ పెట్టిస్తూ, ఇంకోవైపు ఇద్దరు ముగ్గురికి తలా కొన్ని సీసాలు పంచి అన్నిటినీ ఒకేసారి కరిగించే పని మొదలుపెడుతుంది.