సెగ తాకిన తోలు

చేవెళ్ల దాటి షాబాద్ మండలంలోకి వస్తే చందనవెల్లి. మక్క, పత్తి, కూరగాయల చేల మధ్య ఇప్పుడక్కడ పారిశ్రామికవాడ లేచింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో మొదలుపెట్టిన హైదరాబాద్ డేటా కేంద్రాల కోసం ఎంచుకున్న మూడు చోట్లలో ఈ ఊరు ఒకటి. మనం ఫోన్‌లో వినే పాట ఇటువంటి గోడల వెనకే ఎక్కడో, రాత్రింబవళ్లు చల్లబరచే యంత్రాల మధ్య దాగి ఉంటుంది. అక్కడ వేడి పెరిగితే ప్రమాదం.

అదే ప్రాంతపు ఊళ్లలో, శ్రావణంలో బోనాలు ఎత్తే రోజున, వేడి తగలకపోతే పాటే లేదు. వాన వెలిసిన సాయంత్రం గుడి పక్కన డప్పుల వాళ్లు గుప్పెడు వరిగడ్డి వేసి నిప్పంటిస్తారు. చుట్టూ కూర్చుని డప్పు ముఖం మంటకు చూపిస్తూ చక్రంలా తిప్పుతారు. మధ్యమధ్యలో వేలితో ఒకసారి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ మంటకు చూపిస్తారు. మొదట తడిబట్టను కొట్టినట్టు ‘దబ్’ మనే తోలు మెల్లమెల్లగా ‘డప్’ అంటుంది, చివరికి ‘డణ్’ మని ఊరవతలికి కొడుతుంది. ఆ మూడు శబ్దాల తేడా తెలిసిన చెవే డప్పు కళకు మొదటి పరికరం అని నా నమ్మకం.

పాశ్చాత్య దేశాల్లో గ్యారేజ్ పంక్ అనే సంగీతం ఒకటుంది. కార్లు పెట్టుకునే షెడ్లలో కుర్రాళ్లు సాధన చేసుకున్న మోటు రాక్ నుంచి దానికా పేరు వచ్చింది. అమెరికాలో టకోమా ఊరి బ్యాండు ‘ది సోనిక్స్’ 1965లో తొలి ఆల్బమ్ చేసినప్పుడు డ్రమ్ములన్నిటికీ కలిపి ఒకే మైకు పెట్టారు. శబ్దం పగిలింది, గొంతు చీలింది. అలాగే ఉంచేశారు. 1976లో రమోన్స్ తమ మొదటి ఆల్బమ్‌ను 6,400 డాలర్లతో ముగించారు: 14 పాటలు, అన్నీ కలిపి అరగంటలోపే. గిటార్ మీద మూడు కార్డ్‌లు వస్తే చాలు, బ్యాండు పెట్టుకోవచ్చు అన్న ధైర్యం ప్రపంచమంతటి పిల్లలకు దాంతో వచ్చింది. ఆ సంగీతాన్ని ఇష్టపడే మన హైదరాబాద్ కుర్రాళ్లతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. మీరు వెతుకుతున్న ఆ గరుకు, ఆ కోపం, ఆ కొద్ది సరంజామా మొయినాబాద్ దాటితే దొరుకుతాయి. డప్పు షెడ్డులో పుట్టలేదు, వాడలో పుట్టింది.

కానీ ఒక చోట ఈ పోలిక ఆగిపోతుంది. డప్పు మోటుగా వినిపిస్తుంది కనుక దాని వెనక పనితనం తక్కువని చాలామంది అనుకుంటారు. ఆ మాట నాకు బాధగా ఉంటుంది. ఒక్క డప్పును చేయడానికి ఎంత తెలిసి ఉండాలో చూడండి.

తోలుతో మొదలుపెడదాం. మాదిగవాడలో లంద ఉండేది, తోళ్లు ఊనే చోటు. చెప్పులకు, మోటబావి బొక్కెనకు వాడే తోలును తంగేడు చెక్క రసంలో నానబెట్టి ఊనేవారు. అలా ఊనిన తోలు మెత్తబడుతుంది, నీటికి ఓర్చుకుంటుంది, వంచితే వంగుతుంది. డప్పుకు ఆ తోలు పనికిరాదు. దీనికి కావలసింది పచ్చితోలు. సున్నంతో వెంట్రుకలు ఊడదీసి, లోపలి కొవ్వు గీకి, నానిన తోలును కట్టె చక్రం మీద సాగదీసి బిగిస్తారు. పచ్చితోలులోంచి నీరు పోయేకొద్దీ అది కుంచించుకుపోతుంది. చక్రం దాన్ని కదలనివ్వదు కనుక ఆ కుంచించుకునే బలమంతా బిగువుగా మారుతుంది. డప్పు నాదం ఆ బిగువులోంచే. ఒకే ఇంట్లో ఒకే మనిషి ఒక తోలును మెత్తగా, ఇంకొక తోలును మొండిగా తయారుచేయగలిగాడు. బడిలో చెప్పని రసాయనశాస్త్రం ఇది. దీన్ని చేసిన చేతులను ఊరు అంటరానివన్నది.

తోలును చక్రానికి పట్టించే జిగురు చింతగింజలది. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే వచ్చే ముద్ద. మేకతోలు వేస్తే శబ్దం సన్నగా, చురుగ్గా ఉంటుంది. మందపు తోలు వేస్తే బరువుగా మోగుతుంది. నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే ఒకవైపు ముందు బిగిసి చక్రం మెలిక పడుతుంది.

ఇంత చేసినా తోలు గాలిలోని తేమను తాగుతూనే ఉంటుంది. అందుకే గడ్డిమంట. బొగ్గుల వేడి అయితే ఒకచోటే కాలుస్తుంది. వరిగడ్డి మంట గుప్పున లేచి గుప్పున ఆరుతుంది, తోలంతటికీ సమంగా తగులుతుంది. ఇప్పుడు గడ్డి దొరకని చోట అట్టముక్కలు, కాగితాలు వేస్తున్నారు. సెగ ఎక్కువైతే తోలు పగులుతుంది. వానకాలపు బోనాల్లో గంటకోసారైనా మంట దగ్గరికి పోవాల్సిందే. డప్పుల వాళ్లు అలా పోతుంటే ‘విరామం తీసుకుంటున్నారు’ అని తొందరపెట్టే పెద్దమనుషులను చూశాను. వీణ శ్రుతి చేసుకునే విద్వాంసుణ్ని ఎవరైనా అలా తొందరపెడతారా?

ఇక చేతులు. డప్పు భుజానికి వేలాడుతూ పొట్టకు ఆనుకుని ఉంటుంది. కుడిచేతిలో సిర్ర, అంటే పొట్టిగా లావుగా ఉండే కర్ర. ఎడమచేతిలో సిటికెన పుల్ల, సన్నగా పొడుగ్గా ఉండేది. డప్పు అంచును పట్టుకున్న ఎడమచేతి వేళ్లలోనే ఆ పుల్ల ఆడుతుంది. సిర్ర తోలు నడుమ పడితే నేల అదిరే మోత. అంచుకు దగ్గరగా పడితే చెంపదెబ్బ లాంటి చప్పుడు. సిటికెన పుల్ల తన పొడవంతా తోలు మీద వాలుతుంది కనుక దాని దెబ్బ ‘టర్ర్’ మని చీలుతుంది. సిర్ర మాట అయితే పుల్ల ఆ మాటకు ఊపిరి. రెంటి మధ్య ఖాళీలో పాట నడుస్తుంది.

డప్పు వెనక మూసిన గిన్నె లేదు. తబలాకో మృదంగానికో ఉన్నట్టు శబ్దాన్ని లోపల తిప్పి నిలిపే కడుపు లేదు. అందువల్ల ప్రతి దెబ్బా పుట్టిన వెంటనే ఆగిపోతుంది. బయలు ప్రదేశంలో ఎంత వేగంగా కొట్టినా దెబ్బకు దెబ్బ కలిసిపోకుండా విడివిడిగా అందుతుంది. వీధి కోసం, చెరువుగట్టు కోసం, జాతర కోసం పుట్టిన వాద్యానికి కావలసింది అదే.

దరువు నేర్పడానికి పుస్తకం లేదు. నోటితో పలుకుతారు, పిల్లలు తొడ మీద చరుస్తూ పలుకుతారు, తర్వాత డప్పు ఎత్తుకుంటారు. పెండ్లికి ఒక దరువు, చావుకు ఒకటి, దేవరకు ఒకటి, పీర్ల పండుగకు ఒకటి. ఊళ్లో పెరిగినవాడు ఇంట్లో పడుకునే, వాడలోంచి వినిపించే నాలుగు దెబ్బలతో ఏం జరిగిందో చెప్పగలడు. చావు దరువులో నడక బరువుగా ఉంటుంది, దెబ్బల మధ్య ఎడం ఎక్కువ. దేవత పూనే శివసత్తుకు సిగం ఊగే ఘడియ దగ్గరపడుతుంటే డప్పుల వాళ్లు ఆమె కాళ్లను చూస్తూ వేగం పెంచుతారు, ఆమె అడుగు తడబడితే పట్టు వదలకుండా దరువును ఆమె కిందికి తెస్తారు. నాకు డప్పు కళలో అన్నింటికంటే అపురూపంగా అనిపించేది ఇదే: వాయించేవాడి కళ్లు తోలు మీద ఉండవు, ఎదుటి మనిషి పాదాల మీద ఉంటాయి.

పట్నంలో తీన్‌మార్ అంటే ఊరేగింపు చిందు. మాటే ఉర్దూది, మూడు దెబ్బలని. హైదరాబాద్‌లో దాని వెనక మర్ఫా వాద్యం చరిత్ర కూడా ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ అరబ్బులు తెచ్చినది అది. ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. బోనాల్లో పోతరాజు ముందు ఊళ్ల డప్పు, పట్నపు మర్ఫా ఒకదాన్నొకటి ఎంతగా తాగేశాయంటే ఇప్పుడు విడదీయడం కష్టం, విడదీయాల్సిన అవసరమూ లేదు.

ఈ వాద్యం విలువ గురించి రాయాలంటే ఇంకొక సంగతి దాటలేం. డప్పు ఎవరి మాట మీద మోగింది? నిజాం కాలపు వెట్టిలో మస్కూరి, అంటే ఊరి నౌకరు, డప్పు కొట్టి చాటింపు వేయాలి, అధికారి మకాం వస్తే ముందు నడవాలి. దొర ఇంట్లో చావైతే అర్ధరాత్రైనా పోయి కొట్టాలి. కూలి అడగకూడదు. దేవుడి ఊరేగింపుకు ముందు నడిచిన డప్పు గుడి గడప దగ్గరే ఆగిపోవాలి. శబ్దం ఊరందరిదీ, మనిషి మాత్రం ఊరవతలివాడు. ఈ అవమానం భరించలేక పలు వాడల్లో డప్పు కొట్టబోమని తీర్మానించుకున్న రోజులున్నాయి. చావుకు డప్పు పంపనందుకు ఊరు కక్ష కట్టిన కథలూ ఉన్నాయి. కొట్టనని చెప్పిన ఆ మౌనాన్ని కూడా నేను డప్పు చరిత్రలోనే లెక్కిస్తాను.

తర్వాత డప్పు తిరిగి చేతికి వచ్చింది, ఈసారి సొంత మాట మీద. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు విప్లవగాయకుడు గద్దర్ అయి, గొంగడి కప్పుకుని, కాళ్లకు గజ్జె కట్టి జననాట్యమండలితో ఊరూరా తిరిగినప్పుడు వేదిక మీద పెద్ద వాద్యబృందమేమీ లేదు. డప్పు, డోలక్, గజ్జెలు, గొంతులు. అంతే. 1990 ఫిబ్రవరిలో ఆయన అజ్ఞాతం వీడి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడితే మైదానం పట్టలేదు. ఆ పాటలు క్యాసెట్లలో చేతులు మారి, టీకొట్ల టేప్‌రికార్డర్లలో అరిగిపోయేదాకా మోగాయి. ఆ క్యాసెట్ల శబ్దం శుభ్రంగా ఉండేది కాదు. డప్పు పడినచోట గొంతు వెనక్కి పోయేది. అయినా ఆ రికార్డింగుల్లో ఉన్న ప్రాణం ఈనాటి ఖరీదైన జానపద ఆల్బమ్‌లలో నాకు దొరకడం లేదు.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. జనం దాన్ని దండోరా అని పిలిచారు. దండోరా అంటే డప్పు కొట్టి చాటడం. తరతరాలు ఇతరుల కబురు మోసిన డప్పు ఇప్పుడు తనవాళ్ల కబురు మోసింది. ఎస్సీ వర్గీకరణ కోసం ఆ పోరాటం 30 ఏళ్లు నడిచింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీల వర్గీకరణ అధికారం రాష్ట్రాలకు ఉందని తీర్పిచ్చింది. తెలంగాణలో వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, అమల్లోకి వచ్చింది. ఆ రోజు ఏ వాడలోనైనా డప్పు ఊరికే గోడకు వేలాడి ఉంటుందని నేననుకోను.

తమిళనాడులో సినీ దర్శకుడు పా. రంజిత్ చొరవతో ఏర్పడిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరిలో చెన్నైలో తొలి కచేరీ చేసింది. డప్పుకు అక్కలాంటి పఱై వాద్యాన్ని ఎలక్ట్రిక్ గిటార్ పక్కన, సమానంగా నిలబెట్టింది. గిటార్‌కు మసాలాగా పఱైని వాడుకోలేదు. తెలుగులో అటువంటి ఆల్బమ్ కోసం నేను ఎదురుచూస్తున్నాను. చేసేవాళ్లు ఎవరైనా సరే, స్టూడియోలో నేను చూసిన కొన్ని పొరపాట్లు చేయవద్దని మనవి.

ఒకటి, ప్లాస్టిక్ తోలు. దానికి సెగ అక్కర్లేదు, వానకు తడవదు, మోయడం తేలిక. రోజుకు రెండు పెండ్లిళ్లకు పోయి బతకాల్సిన కళాకారుడు అది కొంటే తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ రికార్డింగుకు పచ్చితోలు డప్పు అడగండి, దానికి తగిన కూలీ ఇవ్వండి. ప్లాస్టిక్‌కు చురుకు ఉంటుంది, కింద ఆ మట్టి మోత ఉండదు.

రెండు, మైకు. దాన్ని తోలుకు ఆనించి పెడితే దెబ్బ వినిపిస్తుంది, డప్పు వినిపించదు. పది అడుగుల దూరం కావాలి, వీలైతే పైకప్పు లేని చోటు కావాలి. ఇంకా ఘోరం, ఒక్క డప్పు దెబ్బను కంప్యూటర్‌లో పదిసార్లు అతికించి పది డప్పుల జట్టు అనడం. పదిమంది కలిసి కొట్టినప్పుడు అందరి చేతులూ ఒకే క్షణానికి పడవు. ఒకరు వెంట్రుకవాసి ముందు, ఒకరు వెనక. ఒకరి తోలు ఎక్కువ కాగి ఉంటుంది, ఇంకొకరిది అప్పుడే సడలుతుంటుంది. ఆ చిన్నచిన్న తేడాలు కలిసే గుంపు మోత అవుతుంది. వాటిని గీతకు సరిచేసి దిద్దితే మిగిలేది ఒక్క మనిషి, అతని తొమ్మిది నీడలు.

ఆ ఆల్బమ్ ఎలా మొదలవ్వాలో కూడా నా మనసులో ఉంది. చందనవెల్లి పక్క ఊరేదో, బోనాల సాయంత్రం. ముందు గడ్డి చిటపట. ఎవరో దగ్గుతారు, ఎవరో ‘ఇంగో జర కాగనియ్యి’ అంటారు. వేలి దెబ్బ, దబ్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ వేలి దెబ్బ, డప్. మంట ఎగిసిన చప్పుడు. ఒక పిల్లవాడు తొడ మీద చరుస్తూ దరువు పలుకుతుంటాడు. ‘డణ్’ మన్న మొదటి డప్పు వినగానే మిగతావాళ్లు లేచి నిలబడతారు, భుజాలకు వార్లు సర్దుకుంటారు, గజ్జెలు కదులుతాయి. అక్కడ మొదటి పాట.