అహల్య కథలో అంగీకారము: ఒక పరిశీలనము

దక్షిణాంధ్ర వాఙ్మయమనగానే మనవారికి ముందు తంజావూరు జ్ఞప్తికి వచ్చును, మధుర వెనుకబడును. 1706 మొదలు 1732 వరకు మధురనేలిన విజయరంగ చొక్కనాథుని కొలువునందలి సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'అహల్యాసంక్రందనము' రచించెను. సంక్రందనుడనగా ఇంద్రుడు. ఈ కావ్యము సొగసును మెచ్చినవారును, శృంగారమును నిందించినవారును కలరు. ఈ వ్యాసమున పరిశీలింపదలచినది ఆ రెంటిలో ఏదియు గాదు. పూర్వకథను కవి ఏ దిక్కునకు త్రిప్పెను, ఆ మలుపువలన ఎవనికి మేలు కలిగెను అనునదే ప్రశ్న.

వాల్మీకి రామాయణముననే ఈ కథ రెండు విధములుగా నున్నది. బాలకాండయందలి అహల్య, మునివేషమున వచ్చినవాడు ఇంద్రుడని ఎరిగియు, దేవరాజుపై కుతూహలముచే ఒప్పుకొన్నది. మనకు పరిచితమైనది ఇదియే. ఉత్తరకాండయందలి కథను తలచువారు అరుదు. అచ్చట ఇంద్రజిత్తుచేత చిక్కి పరాభవము పొందిన ఇంద్రునకు బ్రహ్మ ఆ పరాభవమునకు కారణము చెప్పును. తాను సృజించిన స్త్రీని చూచి, స్థానమున తానధికుడు గనుక ఆమె తన భార్యయే యని ఇంద్రుడు మనసున నిశ్చయించుకొన్నాడట! బ్రహ్మ ఆమెను గౌతమునియొద్ద న్యాసముగా నుంచెను. ఆతడు చిరకాలము కాపాడి తిరిగి అప్పగింపగా, ఆతనికే ఇచ్చి పెండ్లి చేసెను. అంతట కామముతో, కోపముతో ఇంద్రుడు ఆశ్రమమునకు పోయి ఆమెను ధర్షించెను. ధర్షణమనగా బలాత్కారము, ఆ మాటకు శృంగారార్థము లేదు. నీ రూపముతో వచ్చినవానిచేత తెలియక చెడితిని, కోరి చేసినది కాదు అని అహల్య భర్తతో మొరపెట్టుకొన్నది.

స్థానాధిక్యమను ఆ ఒక్క హేతువును గమనింపవలెను. ఇంద్రుని నేరమునకు మూలము ఆమె సౌందర్యమని బ్రహ్మ అనలేదు. పదవి పెద్దది గనుక స్త్రీ తనదేయను తలంపునే అతడు వ్రేలుపెట్టి చూపెను. ఇట్టి పాపము ఎవరు చేసినను అందు సగము ఇంద్రునకే చెందునని గౌతముడు శపించుట కూడ ఈ భావమునకు తగియున్నది. ఇంత చెప్పిన ఆ గ్రంథమే, సౌందర్యము ఇకమీద ఆమె యొక్కతెకే చెందకుండునట్లు అహల్యను సైతము శపింపజేసినది. దెబ్బతిన్నదానికే దండన!

మధుర కవి కథయందు అహల్యకును ఇంద్రునకును పెండ్లికి పూర్వమే పరస్పరానురాగము కలదు. ఇందొక మేలు లేకపోలేదు. మొల్ల మొదలగువారి రామాయణములలో రామపాదరజముకొరకు వేచియుండు రాతికంటె, కోరిక గల స్త్రీగా నిలిచిన ఈ అహల్య సజీవురాలు. స్త్రీకి స్వంత ఇచ్ఛ యున్నదని కవి దాచక చెప్పెను, అందుకు మెచ్చవలసినదే. అయినను, వలపు ముందే యున్నదనుటతో ఇంద్రుని అధికారము కథనుండి మాయమైపోయినది. ఉత్తరకాండలో ఇంద్రుడు తనలో తాననుకొన్న "ఈమె నాది" అను మాట, ఇచ్చట అహల్య హృదయమున "నేనతనిదానను" అను మాటగా మారినది. రాజాశ్రయమున పుట్టిన కావ్యమున ఈ మార్పు కాకతాళీయమని నాకు తోచదు.

మన విమర్శకులు ఈ మార్పును పట్టించుకొనక అశ్లీలతను గూర్చియే తగవులాడిరి. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను వీరేశలింగముగారు నిందించుటయు, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని ప్రకటించుటయు, ప్రభుత్వము నిషేధించుటయు తెలిసినవే. పద్యము సభ్యమా కాదా యని అడిగినవారే గాని, ఆ కథలయందలి స్త్రీకి "వలదు" అనుటకు చోటున్నదా యని అడిగినవారు కానరారు.

ఇది పురాణచర్చ మాత్రమే యనువారు అంగీకారమును గూర్చి మన న్యాయస్థానములు పలికిన మాటలను చూడవలెను. 1972 మార్చిలో, మన తెలుగువారు తరతరములుగా నివసించు మహారాష్ట్ర తూర్పుసీమయందలి దేసాయిగంజ్ పోలీసు ఠాణాలో, ఒక ఆదివాసి బాలికపై ఇద్దరు పోలీసులు అత్యాచారము చేసిరని అభియోగము వచ్చెను. 1974లో సెషన్సు కోర్టు వారిని విడిచిపెట్టెను. బొంబాయి హైకోర్టు నాగపూరు శాఖ శిక్షించెను. భయముచే లొంగుట అంగీకారము కాదని ఆ శాఖ గుర్తించినది. 1978లో సుప్రీం కోర్టు ఆ శిక్షను కొట్టివేసెను: ఒంటిపై గాయములు లేవు, ప్రతిఘటించిన జాడ లేదు! ఠాణా తలుపులు మూసిన రాత్రి, పేద ఆదివాసి పిల్లకును అధికారపు దుస్తులు ధరించినవానికిని నడుమనున్న అంతరము ఆ తూకమున పడలేదు. 1979లో నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. దేశమంతట స్త్రీలు కదలిరి. నిర్బంధమున జరిగిన అత్యాచారములలో, సంయోగము రుజువైన పిమ్మట, తాను అంగీకరింపలేదని స్త్రీ చెప్పినయెడల కోర్టు అట్లే భావింపవలెనని 1983లో చట్టము మారెను. బ్రహ్మ చెప్పిన స్థానాధిక్యము అప్పటికి చట్టమున కెక్కినది.

తెలుగున ఈ ప్రశ్నను నేరుగా ఎత్తినవారు ఓల్గా. 'విమత' కాదు, 'విముక్త' యను పేరుతో వెలువడి, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన సంపుటమున, 'మృణ్మయనాదము' అను కథయందు అహల్య సీతతో మాటలాడును. ఎరిగెనా, ఎరుగదా యను విచారణకు ఈ అహల్య జవాబు చెప్పదు. అట్లు విచారించు అధికారము ఇతరులకు ఎవరిచ్చిరని తిరిగి అడుగును. విచారణకు ఎన్నడును ఒప్పుకొనవలదని సీతకు చెప్పును. వనవాసమున నున్న సీతకు ఆ మాట అప్పటికి వింతగా తోచినది. యుద్ధము ముగిసి, శీలమును రుజువు చేయుమని రాముడు కోరిననాడు అది ఆమెకు తిరిగి వినబడినది.