‘ఆకర్షణీయ నగరం’లో వంక: కర్నూలు, కడపల నీటి పరిభాష

‘స్మార్ట్ సిటీ’కి తెలుగు పత్రికల్లో ‘ఆకర్షణీయ నగరం’ అన్న అనువాదం వాడుకలోకి వచ్చింది. తెలివి, చురుకుదనం సూచించే మూలపదం తెలుగులో కంటికి సంబంధించిన మాటగా మారింది. దీన్ని అనువాదదోషమని కొట్టివేయడం సులభం. కాని అనువాదకులు పథకపు స్వభావాన్ని తమకు తెలియకుండానే సరిగ్గా పట్టుకున్నారని నా అభిప్రాయం.

2015 జూన్ 25న కేంద్రప్రభుత్వం స్మార్ట్ సిటీస్ మిషన్‌ను, అమృత్ పథకాన్ని ఒకేసారి ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి మొదటి పథకానికి ఎంపికయ్యాయి. కర్నూలు, కడపలు అమృత్ కిందికి వచ్చాయి. స్మార్ట్ నగరానికి సర్వామోదమైన నిర్వచనం లేదని మిషన్ మార్గదర్శకాలే ఒప్పుకుంటాయి. అయినా ప్రణాళికకు కొలమానం మాత్రం విస్తీర్ణమే: ఉన్న ప్రాంతాన్ని మెరుగుపరచడానికి 500 ఎకరాలు, పునర్నిర్మాణానికి 50, కొత్త నిర్మాణానికి 250. మౌలిక వసతుల పట్టికలో నీటి సరఫరాది మొదటి స్థానం. అమృత్‌లో తాగునీరు, మురుగునీటి పారుదల, వాననీటి కాలువలు ఉన్నాయి. వాననీటి పునర్వినియోగాన్ని మార్గదర్శకాలు ప్రస్తావించిన మాట నిజమే. అయినప్పటికీ ఈ పత్రాల భాషలో నీరు ప్రధానంగా రెండు క్రియలకు కర్మ: తేవడం, పంపడం. తనంతట తాను వచ్చే నీరు కర్తగా ఎక్కడా కనిపించదు.

కడపలో ఆ కర్త పేరు బుగ్గవంక. బుగ్గ అంటే ఊట, వంక అంటే ఏరు. ‘నెలవంక’లోని వంపు కూడా ఆ మాటలో వినిపిస్తుంది. ఏటా సగటున దాదాపు 700 మిల్లీమీటర్ల వాన, అదీ కొద్ది రోజుల్లోనే కురిసే సీమలో వంక ఎక్కువకాలం ఎండి ఉంటుంది. ఊరివాళ్లకు అది పారని వంక; పటం గీసేవారికి ఖాళీ స్థలం. 2001లోనూ, 2020 నవంబరులో నివర్ తుపాను సమయంలోనూ బుగ్గవంక కడప వీధుల్లోకి వచ్చింది. గట్టున గోడలు కట్టి, దానికి ‘సుందరీకరణ’ అని పేరు పెట్టడం వంకకు వంక పెట్టడమే.

కర్నూలు అనుభవం ఇంకా పెద్దది. తుంగభద్ర, హంద్రీ కలిసేచోట ఉన్న ఈ ఊరు 2009 అక్టోబరు 2న మునిగింది. పైనుంచి వచ్చిన ప్రవాహానికి దిగువనున్న శ్రీశైలం జలాశయపు వెనుకనీరు తోడైంది. కర్ణాటక నుంచి శ్రీశైలం దాకా సాగే ఈ లెక్క 500 ఎకరాల ప్రణాళికలో ఇమడదు. నీటికి ప్రమాణం పరీవాహకప్రాంతం, వార్డు కాదు.

బయటివారి లెక్కతో ఇక్కడి నీటిని కొలవడం కొత్తేమీ కాదు. సుంకేసుల నుంచి కడప వరకు 306 కిలోమీటర్ల కె.సి. కాలువను 1863-70 మధ్య తవ్వించింది లండన్‌లో పెట్టుబడి సేకరించిన ఒక కంపెనీ. పడవ రవాణా కూడా దాని ఆశల్లో ఒకటి. 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చినా కంపెనీ నిలదొక్కుకోలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. ఆ కాలువ నేటికీ పొలాలను తడుపుతోంది కనుక ప్రతి ప్రణాళికా వ్యర్థమని నేననడం లేదు. కాని అది నిలిచింది సాగునీటి అవసరం వల్ల, వాటాదారుల లెక్క వల్ల కాదు.

‘సుస్థిరత’ అనే సంస్కృతపదం మన పరిశోధనవ్యాసాల్లో విరివిగా కనిపిస్తున్నా, దాని పక్కన వంక, వాగు, కుంట, బుగ్గ అరుదుగా కనిపిస్తాయి. రెవిన్యూ దస్త్రాలు ఈ విషయంలో కొంత మేలు: అక్కడ ‘వంక పోరంబోకు’కు సర్వే నంబరు ఉంటుంది. వ్యవహారంలో పోరంబోకు తిట్టుగా మారినా, దస్త్రంలో మాత్రం వంక దారి నమోదై ఉంటుంది. స్థలనామాలపై పనిచేసే మన తెలుగు శాఖలు కర్నూలు, కడప నగరాల నీటిపేర్లను ఆ నంబర్లతో జతచేసి సేకరించవచ్చు. ఏ పేరు ఇప్పుడు ఏ కాలనీ కింద ఉందో అప్పుడు తేలుతుంది.