గాట్లు చెప్పని వయసు

వంటగది, పడక, స్నానాల గది ఒకే చట్రం మీద అమర్చిన వాహనాన్ని అమెరికాలో మోటర్‌హోమ్ అంటారు. వీటిలో పెద్దవి చాలావరకు లారీలకు వేసే 22.5 అంగుళాల టైర్ల మీదే నడుస్తాయి. అయితే లారీ టైరు ఏడాది పొడవునా తిరిగి అరిగిపోతుంది. మోటర్‌హోమ్ టైరు మాత్రం ఎక్కువ నెలలు ఎండలో నిలబడి ఉండి, అరగకుండానే ముసలిదైపోతుంది.

గాట్లు లోతుగా ఉంటే టైరు బాగున్నట్టేనన్న నమ్మకం కారు నడిపిన అలవాటుతో వచ్చింది. గాట్ల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తుండే దిమ్మలతో ట్రెడ్ సమానమైతే టైరు మార్చాలన్న కొలత సరైనదే గానీ, ఈ వాహనాల్లో సాధారణంగా ఆ దశ రాకముందే రబ్బరు చేవ చచ్చిపోతుంది. ఓజోన్‌ వల్ల రబ్బరు చిట్లకుండా తయారీలోనే మైనం వంటి రక్షక పదార్థాలు కలుపుతారు. చక్రం తిరుగుతూ నలుగుతున్నప్పుడే అవి పైపొరకు బాగా చేరుతాయి కనుక, నెలల తరబడి కదలని బండికి ఆ కాపుదల సరిగా అందదు. టైరు పక్క భాగంలో వెంట్రుకల్లా కనిపించే పగుళ్ళు ఆ లోటుకు తొలి గుర్తు.

వయసు తెలుసుకోవడానికి టైరు పక్క భాగం మీద డీఓటీ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడాలి. 2000 నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతిలో 2319 అంటే 2019లో 23వ వారం తయారైన టైరు. ఆ అంకెలు ఒక వైపే ఉండవచ్చు; అది లోపలి వైపైతే బండి కిందికి దూరి టార్చిలైటు వేసి చదవక తప్పదు. ఐదేళ్ళు దాటాక ఏటా నిపుణుడికి చూపించాలని, పదేళ్ళు నిండితే గాట్లు ఎంత ఉన్నా తీసేయాలని పలు తయారీ సంస్థలు చెబుతాయి.

వెనుక ఇరుసుకు ఒక్కో పక్క రెండేసి చక్రాలుంటాయి. లోపలి దానిలో గాలి తగ్గినా బయటికి తెలియదు, దాని బరువు కూడా బయటి టైరు మీద పడి అది వేడెక్కుతుంది. వేసవిలో ఆరిజోనా ఎడారి రోడ్ల మీద ఆ వేడికి టైరు పేలడానికి ఎంతోసేపు పట్టదు. జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే చుట్టుకొలత తేడా వల్ల పెద్దదాని మీదే ఎక్కువ భారం పడుతుంది కాబట్టి, రెండూ కలిపి మార్చడమే మంచిది.

ప్రయాణం మధ్యలో అనుమానం కలిగితే ఒక రోజు పోయినా సరే, లారీ టైర్ల దుకాణమున్న ఊళ్ళో ఆగడమే వివేకం. ఎందుకంటే పెద్ద మోటర్‌హోమ్‌లు చాలావాటికి స్టెప్నీ ఉండదు, బండిని సమంగా నిలిపే జాకీలు చక్రం విప్పడానికి పనికిరావు. దుకాణంలో ఎంతకాలం పడి ఉందో తెలియదు గనుక కొత్త టైరు మీది అంకెలూ చదవాలి. బిగించాక 50 నుంచి 100 మైళ్ళ లోపు ఆగి నట్ల బిగువు మళ్ళీ సరిచూడాలి.

సెలవుల్లో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబాలు సంతకం పెట్టేముందు ప్రతి చక్రం మీదా ఆ నాలుగు అంకెలు అడిగి మరీ చూడాలి.