మూలాన్ని వెదికిన దానపత్రం

టొరాంటోలో స్టెర్లింగ్ రోడ్డు మీది చాక్లెట్ కర్మాగారం నేడు నెస్లేది. 1926లో కోవన్ కంపెనీని కొని కెనడాలో అడుగుపెట్టిన రౌంట్రీ సంస్థ వారసత్వమది. ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఆ సంస్థను పెంచి పెద్దచేసిన జోసెఫ్ రౌంట్రీ (1836–1925) క్వేకరు. పెద్దకుమారుడు జాన్ విల్హెల్మ్ క్వేకరు విశ్వాసాన్ని ఆధునిక విజ్ఞానంతో సమన్వయపరచబూనిన వ్యాసకర్త. మరొక కుమారుడు సీబోమ్ యార్క్ పేదరికంపై 1901లో పరిశోధనగ్రంథం వెలువరించాడు.

ఆ కుటుంబపు రచనలలో నేటికీ పదునుతగ్గనిది, 1904 డిసెంబరులో తన సంపదలో సుమారు సగాన్ని మూడు ట్రస్టులకిస్తూ జోసెఫ్ వ్రాసిన పత్రం. గంజికేంద్రానికి విరాళాలు సులువుగా వస్తాయి. పేదరికపు కారణాల అన్వేషణకు రావు. ఇదీ అందులోని వాదం. జ్వరం తగ్గించి వ్యాధిని విడిచిపెట్టే వైద్యం వంటిదే అటువంటి దానమని ఆయన గ్రహించాడు. కాలం మారితే ధర్మకర్తలూ మారవచ్చునన్న స్వేచ్ఛనూ ఇచ్చాడు.

అయితే ఆ అన్వేషణ కోకోతోటల దాకా సాగలేదు. 1890లలో సంస్థ వెస్టిండీస్‌లో తోటలు కొన్నది. కలకత్తా, మద్రాసు రేవులలో ఓడలెక్కిన ఒప్పందకూలీలు ఆ దీవులలో చెమటోడ్చిన కాలమది. వలసపాలనతో, నిర్బంధశ్రమతో తమ సంపదకున్న సంబంధాన్ని రౌంట్రీ ట్రస్టులే 2021లో బహిరంగంగా అంగీకరించి విచారం వెలిబుచ్చాయి.

దీనివలన పత్రం విలువ తగ్గదు. వ్రాసినవాని లోపాన్ని పట్టి చూపగల కొలబద్ద ఆ వ్రాతలోనే ఉంది. స్వగ్రామానికి విరాళం పంపే ప్రవాసి కూడా ఆ కొలబద్దను రెండువైపులా పట్టి చూడాలి: సొమ్ము ఎక్కడికి పోతున్నదో, ఎక్కడి నుండి వచ్చినదో.