ఆరు రుచులు, అరవై మూడు పందేలు

ఇంగ్లండులో నేను రెండేళ్లు ఉద్యోగం వెలగబెట్టాను. లీడ్స్‌లో నేను అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక ముసలాయన ఉండేవాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. శనివారం పదకొండయ్యేసరికి పేపరు చంకన పెట్టుకుని వీధి చివరి పందేల షాపుకి బయల్దేరేవాడు. మన సందు మొగలో కిళ్లీ కొట్టు ఎంత మామూలో, అక్కడ ఆ షాపు అంత మామూలు. 1961 మే నుంచి బ్రిటన్‌లో షాపుకెళ్లి పందెం కాయడం చట్టం ఒప్పుకున్న పనే.

ఒక శనివారం ఊసుపోక ఆయన వెంట వెళ్లాను. స్లిప్పు మీద నాలుగు గుర్రాల పేర్లు రాశాడు. పక్కన 'పది పెన్నీలు' అని వేశాడు. కౌంటర్లో మాత్రం పౌండున్నర ఇచ్చాడు. నాలుగు పదులు నలభై కదా, నూట యాభై ఎందుకిచ్చారని అడిగాను. ఆయన నవ్వి, ఆ షాపుల్లో ఉండే బొటనవేలంత పెన్ను నా చేతికిచ్చి, ఇంకో స్లిప్పు వెనక్కి తిప్పాడు. "ఈ నలుగురిలోంచి ఎన్ని జంటలొస్తాయో రాయి" అన్నాడు.

రాశాను. అయిదొచ్చాయి. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, అయిదే వచ్చాయి! రెండోదానికీ నాలుగోదానికీ జత కట్టడం మర్చిపోయాను.

"మొదటివాడి చెయ్యి పట్టుకుని మిగతా ముగ్గురి దగ్గరికీ వరసగా తీసుకెళ్లు. వాడి పని అయిపోయాక వాణ్ణి ఇంటికి పంపెయ్. తర్వాత రెండోవాణ్ణి పట్టుకో. వెనక్కి మాత్రం చూడకు" అన్నాడాయన. మూడు, రెండు, ఒకటి. మొత్తం ఆరు జంటలు. ముగ్గురేసి చొప్పున అయితే నాలుగు గుంపులు, ఎందుకంటే ప్రతిసారీ ఒకణ్ణి వదిలేస్తాం, వదలడానికి నలుగురున్నారు. నలుగురూ కలిసి ఒకటి. ఆరూ నాలుగూ ఒకటీ, పదకొండు.

ఈ పదకొండు పందేల కట్టకి అక్కడ 'యాంకీ' అని పేరు. విడివిడిగా ఒక్కో గుర్రం మీద ఇంకో నాలుగు పందేలు కలిపితే పదిహేను, అది 'లక్కీ 15'. ముసలాయన పౌండున్నర లెక్క అదీ. పదిహేను పందేలు, ఒక్కోటి పది పెన్నీలు.

జంట పందెం అంటే మొదటి గుర్రం గెలిస్తే వచ్చిన సొమ్మంతా, అసలుతో సహా, రెండోదాని మీదికి వెళ్లిపోతుంది. రెండూ గెలిస్తేనే డబ్బు. మూడింటి పందేనికి మూడూ గెలవాలి. ఎంచుకున్నవాటిలోంచి ఎన్ని రకాల కలయికలు సాధ్యమో అన్నిటిమీదా తలా ఇంత కాసెయ్యడాన్నే 'ఫుల్ కవర్' అంటారు. మూడింటితో కడితే నాలుగు పందేలు, పేరు 'ట్రిక్సీ'. అయిదింటితో ఇరవై ఆరు, 'కెనేడియన్'. ఆరింటితో యాభై ఏడు. దాని పేరు 'హైన్జ్'. ఆ పేరున్న సాసు సీసా మీద '57 రకాలు' అని ఉంటుంది కదా, అందుకని. ఏడింటితో 120, 'సూపర్ హైన్జ్'. ఎనిమిదింటితో 247. దానికి బైబిల్లో రాక్షసుడిలాంటి యోధుడి పేరు పెట్టారు, 'గోలియత్'.

యాభై ఏడనగానే ఆయనకి సాసు సీసా గుర్తొచ్చింది. నాకు ఉగాది పచ్చడి గుర్తొచ్చింది.

ఆరు రుచులున్నాయి. ఒక్కో రుచినీ గిన్నెలో వెయ్యొచ్చు, మానెయ్యొచ్చు. రెండేసి దారులు ఆరుసార్లు, అంటే అరవై నాలుగు. ఏదీ వెయ్యని ఖాళీ గిన్నెని తీసేస్తే అరవై మూడు. సుశ్రుత సంహిత రుచుల కలయికల్ని ఈ అరవై మూడుగానే లెక్కగట్టింది. భాస్కరాచార్యుడు లీలావతిలో ఇదే లెక్క అడిగాడు. కొన్నిటిలోంచి కొన్నిటిని ఎన్ని విధాలుగా ఎంచవచ్చో చెప్పే సూత్రాన్ని తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో ఇచ్చాడు. ఆ గ్రంథాన్ని తెలుగు చేసినవాడు మన పావులూరి మల్లన. బ్రిటన్ షాపుల్లో 'లక్కీ 63' అనే పందెం అచ్చంగా ఉగాది పచ్చడే. ఒంటి రుచులు ఆరూ తీసేస్తే మిగిలేది యాభై ఏడు, హైన్జ్.

ఈ 'వెయ్యి, మానెయ్' పద్ధతిలోనే గెలుపు లెక్క కూడా దొరుకుతుంది. ముసలాయన దాన్ని జేబులోంచి తీసినంత సులువుగా చేసేవాడు. రూపాయి కాస్తే అసలుతో కలిపి ఎంతొస్తుందో దానికి ఒకటి కలుపు. అన్నిటికీ అలా కలిపి, వచ్చిన అంకెల్ని హెచ్చవెయ్యి. చివర్లో ఒంటి పందేల సొమ్మునీ, ఖాళీ గిన్నె ఒకటినీ తీసెయ్యి. నాలుగూ గెలిచి, ఒక్కోటి రూపాయికి రూపాయి తొంభై ఇచ్చేదైతే, 2.9ని నాలుగుసార్లు హెచ్చవేస్తే 70.73. అందులోంచి నాలుగు ఒంటి పందేల 7.60, ఆ ఒకటీ పోతే 62.13. పదకొండు రూపాయలకి అరవై రెండు. లెక్క ఇంత ముచ్చటగా ఉంటే ఎవరికైనా మనసు లాగుతుంది. నాకూ లాగింది.

రెండేళ్ల కిందట గుంటూరులో తమ్ముడి కొడుకు సంక్రాంతికొచ్చి ఫోను చూపించాడు. "పెదనాన్నా, నాలుగు మ్యాచ్‌ల మీద కాంబో వేశా. పదకొండు వందలు. అన్నీ కవరైపోయాయి, రెండొస్తే చాలు" అన్నాడు. మర్నాటికి రెండే వచ్చాయి. తెర మీద పచ్చటి అక్షరాల్లో గెలిచినట్టు పడింది, 361 రూపాయలు. వాడి మొహం వెలిగింది.

"ఎంత పెట్టావురా?" అన్నాను.

"పదకొండు వందలు."

"ఎంతొచ్చింది?"

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇన్సూరెన్సు వల్ల కవర్ అన్న మాటంటే మనకి భరోసా. ఈ పందెంలో కవరయ్యేది కలయికలే. మన డబ్బుకి ఏ గొడుగూ లేదు. వాడికి కాగితం మీద వేసి చూపించాను. నాలుగు మ్యాచ్‌లూ బొమ్మా బొరుసూ లాంటివే అనుకుందాం, చెరిసగం అవకాశం. న్యాయంగా అయితే వందకి రెండు వందలివ్వాలి. బుకీ ఇచ్చేది నూట తొంభై. నాలుగు నాణేలు ఎగరేస్తే పదహారు ఫలితాలు. అయిదింటిలో ఒకటో సున్నో గెలుస్తాయి, పైసా రాదు. ఆరింటిలో రెండు గెలుస్తాయి, 361 వస్తుంది, అంటే ఏడు వందల పైచిలుకు పోయినట్టే. పదహారింట పదకొండుసార్లు నష్టమే. నాలుగింటిలో మూడు గెలిచి 1,769 వస్తుంది. ఒక్కదాంట్లో నాలుగూ గెలిచి 6,213 వస్తుంది. పదహారుసార్లకీ పెట్టింది 17,600. తిరిగొచ్చింది 15,454. నూటికి పన్నెండు రూపాయల పైన బుకీ గల్లాపెట్టెలోకి.

అదే ఒంటి పందెమైతే పోయేది నూటికి అయిదే. అయిదు పన్నెండెలా అయింది? జంట పందెంలో బుకీ మొదటి గెలుపు మీద తన వాటా తీసుకుని, ఆ మిగిలినదాని మీద మళ్లీ తీసుకుంటాడు. మూడింటి పందెంలో మూడుసార్లు. చక్రవడ్డీ మనకు ఎదురు తిరిగినట్టు. అందుకే ఆ షాపులు ఈ కట్టల్ని అంత ఆప్యాయంగా ముద్రించి బల్ల మీద పెడతాయి. ఒకదాని ఫలితం ఇంకోదాన్ని ఈడ్చుకొచ్చే పందేల్ని, ఒక జట్టు గెలుపునీ అదే జట్టు ఓపెనర్ సెంచరీనీ, విడివిడి ధరలకి హెచ్చవేసి కలపనివ్వరు. అక్కడ ఆ లెక్క వాళ్లకి ఎదురు తిరుగుతుంది.

మరి ఎవరూ గెలవలేదా? గెలిచారు. 1996 సెప్టెంబరు 28న ఆస్కాట్‌లో ఫ్రాంకీ డెట్టోరి అనే జాకీ ఆ రోజు జరిగిన ఏడు రేసుల్లో ఏడూ గెలిచాడు. ఏడూ కలిపి కాసినవాళ్లకి ఒకటికి 25,095. చివరి గుర్రం ఫుజియామా క్రెస్ట్‌కి పొద్దున ఒకటికి పన్నెండిచ్చిన బుకీలు, రేసు మొదలయ్యేసరికి రెండుకి దించేశారు. గుర్రం అంతలో బలిసింది కాదు, వాళ్ల భయం పెరిగింది. బుకీలకి కోట్ల పౌండ్లు పోయాయి. మా ముసలాయన ఆ కథ నాకు పదిసార్లయినా చెప్పుంటాడు. "మరి మీకెంతొచ్చింది?" అని ఒకసారి అడిగాను. ఆ వారం వేరే ఊరి రేసులకి కాశాట్ట. ఆ ఒక్క శనివారం ముప్ఫై ఏళ్లుగా ఊరంతా చెప్పుకుంటూనే ఉంది. మిగతా శనివారాల గురించి ఎవరూ మాట్లాడరు.

ఆయన మాత్రం ఆ మిగతా శనివారాలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఎడమ పక్క పెట్టింది, కుడి పక్క వచ్చింది. ఏ ఏడాదీ కుడి పక్క మొత్తం ఎడమ పక్కని దాటలేదని దాపరికం లేకుండా చెప్పాడు. వారానికి పౌండున్నర దాటి ఎప్పుడూ కాయలేదు. "ఇది నా సినిమా టికెట్టు" అనేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న విద్యంతా ఆ నోటు పుస్తకమే.

మన దగ్గర సంగతి వేరు. ఆన్‌లైన్ పందేల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. చట్టం ఉన్నా ఫోను జేబులోనే ఉంటుంది, కుర్రవాళ్లు కాస్తూనే ఉన్నారు. అమ్మానాన్నలకి నాదొక మనవి. పిల్లవాడు "గెలిచా" అంటూ ఫోను చూపిస్తే తిట్టకండి. ఒక కాగితం, పెన్ను ఇచ్చి, ఎడమ పక్క ఎంత పెట్టాడో, కుడి పక్క ఎంతొచ్చిందో వాడి చేతే రాయించండి. మా తమ్ముడి కొడుకు రాశాడు. ఆ నెలకి ఎడమ పక్క మొత్తం తొమ్మిది వేల ఏడు వందలు. కుడి పక్క రెండు వేల నూట యాభై.